మీ ఇంట్లో కారు నడిపేవాళ్ళు ఎంతమంది?

కల్లూరు అనగానే మనవాళ్ళు "ఖమ్మం కల్లూరా, కర్నూలు కల్లూరా?" అని అడుగుతారు. రెండూ కాదండీ. మాది కర్ణాటకలోని రాయచూరు జిల్లా కల్లూరు. 1956 నవంబరు ఒకటో తేదీ దాకా ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది కనుక ఇటువైపు తెలుగు వినబడటం వింతేమీ కాదు. తుంగభద్ర ఎడమ కాలువ వచ్చాక కోస్తా జిల్లాల నుంచి తరలివచ్చి సింధనూరు, మాన్వి వైపు క్యాంపులు కట్టుకున్న రైతుల సంగతి సరేసరి. మా నాన్నగారు కూడా ఆ గాలికే ఇటు వచ్చి, చివరికి కల్లూరులో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ ఇంట్లో ఇప్పుడు మా అమ్మ, మా శ్రీమతి, నేను ఉంటున్నాం. అబ్బాయి బెంగుళూరులో, అమ్మాయి హైదరాబాదులో ఉన్నారు.

నా ఉద్యోగం రాయచూరులో ఒక బ్యాంకు శాఖలో. రోజూ కారులోనే వెళ్ళి వస్తాను. ఊళ్ళో చిల్లర తిరుగుళ్ళు కూడా కలుపుకుంటే రోజుకు అరవై కిలోమీటర్లు లెక్క వేసుకోవచ్చు. నేను చదివింది బి.కాం. ఇంజను సంగతి నాకు తెలిసింది తక్కువే కానీ, కారు అప్పుల సంగతి మాత్రం కాస్త ఎక్కువే తెలుసు. ఇరవై ఏళ్ళకు పైగా ఎన్నో దరఖాస్తులు చూశాను. జీతం ఎంత, ఉన్న అప్పులెన్ని, పూచీ ఎవరు, బండి విలువ ఎంత అన్నీ అడిగేవాణ్ణి. ఒక్క ప్రశ్న మాత్రం ఏనాడూ అడగలేదు. ఆ ప్రశ్న నాకు తట్టడానికి ఒక రాత్రి కావలసి వచ్చింది.

ఆ రాత్రి సంగతి

2025 వేసవిలో మెట్ల మీద కాలు జారి నా ఎడమ మోకాలు బెణికింది. డాక్టరుగారు పట్టీ వేసి, మూడు వారాలు క్లచ్ జోలికి పోవద్దన్నారు. ఆఫీసుకు సహోద్యోగి కారులో వెళ్ళి వస్తున్నాను. మా కారు వాకిట్లో గుడ్డ కప్పుకుని నిద్రపోతోంది.

ఒక రాత్రి పదకొండు దాటాక అమ్మకు ఆయాసం వచ్చింది. అమ్మకు ఎనభై రెండేళ్ళు. మంచం మీద లేచి కూర్చుని, నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటోంది. అంబులెన్సును పిలిచి ఎదురు చూడటమా, బయలుదేరడమా అని ఆలోచించే తెరిపి కూడా లేదు. కారు ఎదురుగానే ఉంది. నా కాలు పనికిరాదు. మా శ్రీమతికి లైసెన్సు ఉంది. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు డ్రైవింగు స్కూలుకు వెళ్ళి, ఎనిమిది అంకె వేసి చూపించి సంపాదించింది. ఆ తర్వాత ఆ కార్డు బీరువాలో పట్టుచీరల మధ్య భద్రంగా ఉండిపోయింది. ఎందుకంటే క్లచ్ వదలడం, ఆక్సిలరేటరు నొక్కడం ఒకేసారి ఆమెకు ఎప్పుడూ కుదరలేదు. పక్కన కూర్చుని నేను కసురుకోవడం కూడా ఒక కారణమేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ రాత్రి ఆమే స్టీరింగు ముందు కూర్చుంది. కారు గేటు దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేసింది, మళ్ళీ ఆగింది. మూడోసారి కూడా అంతే. వెనక సీట్లో అమ్మ ఊపిరి చప్పుడు వినబడుతోంది. చివరికి ఆ చప్పుడుకు పొరుగింటి కుర్రాడు లేచి వచ్చాడు. లారీ మీద తిరిగే మనిషి, అదృష్టం కొద్దీ ఆ రోజు ఇంట్లో ఉన్నాడు. ఏమీ అడగకుండా కారెక్కి రాయచూరు చేర్చాడు. "వేళకు తీసుకొచ్చారు" అన్నారు ఆస్పత్రిలో. నాలుగు రోజుల్లో అమ్మ తేరుకుంది.

వేళకు చేరాం, నిజమే. కానీ అది ఆ కుర్రాడు ఇంట్లో ఉన్నందువల్ల జరిగింది, మా వాకిట్లో కారు ఉన్నందువల్ల కాదు. ఇంట్లో ముగ్గురం ఉండి, ఒక కారు ఉండి, దాన్ని నడపగలిగినవాడు ఒక్కడే. వాడికి కాలు బెణికితే కారు ఉన్నా లేనట్టే.

"రాయచూరుకు వచ్చేయండి నాన్నా, ఆస్పత్రి దగ్గర ఇల్లు చూద్దాం" అన్నాడు అబ్బాయి. అమ్మ దగ్గర ఆ మాట ఎత్తితే, "మీ నాన్న కట్టిన ఇంట్లోంచి నన్ను నడిపించుకుని తీసుకెళ్ళవద్దు" అంది. మా శ్రీమతి రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు కాఫీ ఇస్తూ, "ఏమండీ, నాకున్నవి రెండు కాళ్ళు. మీ కారుకేమో మూడు పెడల్సు. ఆ మూడోది లేని బండి ఏదైనా ఉంటే చూడండి, నేను నేర్చుకుంటాను" అంది.

ఆటోమేటిక్ కారు కోసం నా వెతుకులాట అలా మొదలైంది. మన పాఠకుల్లోనూ యాభై దాటినవాళ్ళు, ఇంట్లో పెద్దవాళ్ళున్నవాళ్ళు, అయినవాళ్ళకు దూరంగా పొరుగు రాష్ట్రాల్లో ఉంటున్నవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళకు పనికొస్తుందని నేను తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

క్లచ్ నొక్కే పని ఎవరిది?

ఇంజను ఆగకుండా తిరుగుతూ ఉండాలి. చక్రాలు మాత్రం మనం ఆగమన్నప్పుడు ఆగాలి. ఈ రెండింటినీ కాసేపు విడదీసి మళ్ళీ కలిపేదే క్లచ్. మామూలు కారులో ఆ పని మన ఎడమ కాలిది. ఆటోమేటిక్ కారులో అది యంత్రం చేస్తుంది. బ్రేకు, ఆక్సిలరేటరు రెండే పెడల్సు ఉంటాయి. రెండూ కుడికాలివే.

ఇది కొత్త విద్య కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 'హైడ్రామాటిక్' అనే ఆటోమేటిక్ గేరును 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్ కార్లలో అమ్మారు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చినవాళ్ళకు తెలుసు, అక్కడి మన పిల్లల్లో చాలామంది క్లచ్ ఎరగరు. మన దేశంలోనూ 1990లలోనే మారుతి జెన్, ఎస్టీమ్‌లలో ఆటోమేటిక్ రకాలు వచ్చాయి. అయితే ధర ఎక్కువ, పెట్రోలు ఖర్చూ ఎక్కువ అని మధ్యతరగతి వాళ్ళం అటు చూడలేదు. 2014 ఫిబ్రవరిలో మారుతి సెలెరియో వచ్చాక పరిస్థితి మారింది. మామూలు రకానికి సుమారు 40 వేల రూపాయలు కలిపితే క్లచ్ లేని కారు దొరికింది. ఆ వెనకే రెనో క్విడ్, టాటా టియాగో, హ్యుందాయ్ సాంత్రో వంటి చిన్న కార్లలోనూ ఆ సదుపాయం వచ్చింది. 2024లో టాటా వారు సీఎన్‌జీతో నడిచే టియాగోకు కూడా దాన్ని ఇచ్చారు.

షోరూముకు వెళ్తే 'ఆటోమేటిక్' అన్న ఒక్క మాటే చెబుతారు. అందులో నాలుగు రకాలున్నాయి.

మొదటిది ఏఎంటీ. ఇందులో గేరుబాక్సు మామూలు కారుదే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం కంప్యూటరు ఆజ్ఞ ప్రకారం ఒక చిన్న యంత్రం చేస్తుంది. కనబడని గుమాస్తాను ఒకణ్ణి బానెట్ కింద కూర్చోబెట్టినట్టు అనుకోండి. గుమాస్తా ఫైలును ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి మార్చేటప్పుడు ఒక క్షణం పని ఆగినట్టు, ఇందులో గేరు మారేటప్పుడు కారు ఒక క్షణం తటపటాయిస్తుంది. ఆ ఒక్క లోపాన్ని భరించగలిగితే ఇది అన్నిటికంటే చవక. పెట్రోలు ఖర్చు మామూలు కారుతో దాదాపు సమానం.

రెండోది టార్క్ కన్వర్టర్. ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య పళ్ళెంలాంటి క్లచ్‌కు బదులు నూనె ద్వారా శక్తి అందుతుంది. మెత్తగా నడుస్తుంది, ఎక్కువ కాలం మన్నే పద్ధతి అని పేరుంది. కానీ నూనెలో కొంత శక్తి వృథా అవుతుంది, ధర కూడా ఎక్కువ.

మూడోది సీవీటీ. ఇందులో గేర్లే ఉండవు. రెండు కప్పీల మధ్య ఒక పట్టీ తిరుగుతూ, కప్పీల వెడల్పు మారే కొద్దీ వేగం మారుతుంది. హాలెండుకు చెందిన డాఫ్ కంపెనీ 1958లోనే ఇలాంటి కారును ప్రదర్శించింది. మన దగ్గర హోండా అమేజ్, నిస్సాన్ మాగ్నైట్ వంటివాటిలో ఉంది. కుదుపు అనేదే తెలియదు. ఒక్కసారిగా తొక్కితే మాత్రం ముందు ఇంజను అరుస్తుంది, తర్వాత కారు కదులుతుంది.

నాలుగోది డీసీటీ. ఇందులో రెండు క్లచ్‌లుంటాయి. ఒక గేరులో నడుస్తుండగానే తర్వాతి గేరు సిద్ధంగా ఉంటుంది. చాలా చురుకైనది, ఖరీదైనది. మా బోటివాళ్ళ బేరం కాదు.

ఇక విద్యుత్ కారుకు గేర్లు మార్చే బాధే లేదు. దాని మీద జీఎస్టీ 5 శాతమే. సొంత పార్కింగు, నమ్మకమైన కరెంటు, ఊళ్ళోనే తిరిగే అలవాటు ఉన్నవాళ్ళు తప్పకుండా ఆలోచించవలసిన బండి అది. మాకు మాత్రం నెలకోసారి అమ్మాయి దగ్గరికి హైదరాబాదు ప్రయాణం ఉంది. పైగా మా పాత ఇంటి వైరింగు చూసిన ఎలక్ట్రీషియను తల అడ్డంగా ఊపాడు. అందుకని మేము దాన్ని పక్కన పెట్టాం.

నెలకు వెయ్యి రూపాయలు

ఇప్పుడు నాకు తెలిసిన విద్యకు వస్తాను. ఒకే మోడల్లో మామూలు రకానికీ ఏఎంటీ రకానికీ తేడా ఇప్పుడు సుమారు 50 వేలు. సీవీటీ కావాలంటే తేడా లక్ష దాటుతుంది. 50 వేలు అనగానే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. అదే మొత్తాన్ని 9 శాతం వడ్డీకి ఐదేళ్ళ వాయిదాల్లో కట్టేట్టు లెక్క వేయండి. నెలకు 1,038 రూపాయలు. అంటే నా ఎడమ మోకాలికీ, మా శ్రీమతి చేతికి తాళాలు ఇవ్వడానికీ అయ్యే ఖర్చు నెలకు సుమారు వెయ్యి రూపాయలు.

అప్పు కాలం సంగతి కూడా చూడండి. లక్ష రూపాయల అప్పుకు 9 శాతం వడ్డీ మీద ఐదేళ్ళయితే నెల వాయిదా 2,076, ఏడేళ్ళయితే 1,609. వాయిదా తగ్గిందని సంతోషిస్తాం. కానీ మొత్తం కట్టేది ఐదేళ్ళకు 1,24,550 అయితే, ఏడేళ్ళకు 1,35,150. అంటే లక్షకు పదివేలకు పైగా అదనం. ఆరు లక్షల అప్పయితే అరవై వేలు దాటుతుంది. ఆటోమేటిక్ కోసం 50 వేలు దండగ అని వాదించేవాళ్ళే ఏడేళ్ళ వాయిదా రాయించుకుని, ఆ 50 వేలూ బ్యాంకుకు ఇచ్చి వెళ్తుంటారు. బ్యాంకువాణ్ణి ఈ మాట చెప్పకూడదేమో గానీ, మనవాళ్ళతో దాపరికం ఎందుకు?

అంతకంటే పెద్ద లెక్క పెట్రోలుది. రోజుకు 60 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 రోజులంటే ఏడాదికి 18 వేల కిలోమీటర్లు. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే బండికి ఏడాదికి వెయ్యి లీటర్లు కావాలి. 15 ఇచ్చే బండికి 1,200 లీటర్లు. లీటరు వంద రూపాయలని సులువు లెక్క వేసుకున్నా తేడా ఏడాదికి 20 వేలు, పదేళ్ళకు 2 లక్షలు. మా అబ్బాయి ఫోటోలు పంపిన పెద్ద ఎత్తు బండిని నేను వద్దనడానికి కారణం ఇదే. నాలాగా ఎక్కువ తిరిగేవాళ్ళు గేరుబాక్సు ధర కంటే మైలేజి చూసుకోవాలి. వారానికోసారి గుడికి, సంతకు వెళ్ళేవాళ్ళకు ఈ లెక్క వర్తించదు. వాళ్ళు మెత్తగా నడిచే సీవీటీ కొనుక్కున్నా నష్టం లేదు.

పన్నుల విషయంలో మాకు కాలం కలిసొచ్చింది. 2025 సెప్టెంబరు 22న, శరన్నవరాత్రుల మొదటి రోజునే, చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పైనున్న సెస్సు కూడా పోయింది. చిన్న కారంటే పొడవు నాలుగు మీటర్లు మించకూడదు, పెట్రోలు ఇంజను 1200 సీసీ, డీజిలు ఇంజను 1500 సీసీ దాటకూడదు. ఆ గీతకు ఇవతల ఉన్న బండినే చూడాలని అప్పుడే నిర్ణయించుకున్నాం.

పొరుగు రాష్ట్రాల్లో ఉండే మనవాళ్ళకు ఒక హెచ్చరిక. కర్ణాటకలో రోడ్డు పన్ను బరువే. ఐదు నుంచి పది లక్షల మధ్య పెట్రోలు కారుకు 14 శాతం, ఆ పన్ను మీద మళ్ళీ సెస్సు. "మా బావగారి చిరునామాతో కర్నూలులో రిజిస్టరు చేయించేస్తే పోలా?" అని చాలామంది అంటారు. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచుకుంటే అక్కడ మళ్ళీ రిజిస్టరు చేయించి పన్ను కట్టవలసిందేనని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. బదిలీల ఉద్యోగం ఉన్నవాళ్ళకు 2021లో వచ్చిన బీహెచ్ నెంబరు ఒక దారి. ప్రభుత్వ ఉద్యోగులకూ, నాలుగు లేదా అంతకుమించి రాష్ట్రాల్లో కార్యాలయాలున్న సంస్థల్లో పనిచేసేవాళ్ళకూ అది వర్తిస్తుంది. పన్ను రెండేళ్ళకోసారి కట్టుకోవచ్చు. నాకు ఇక రిటైరుమెంటే దగ్గర, ఊరు వదిలేది లేదు కనుక మామూలు నెంబరే తీసుకున్నాను.

షోరూములో ముగ్గురం

మా పాత కారును ఏళ్ళ తరబడి చూస్తున్న మెకానిక్‌ను ముందు సలహా అడిగాను. అతను చెప్పిన మాట ఏ బ్రోషరులోనూ లేదు. "సార్, ఎంత తాగుతుంది అని అందరూ అడుగుతారు. పాడైతే ఎవరు విప్పుతారు, సామాను ఎన్ని రోజులకొస్తుంది అని ఎవరూ అడగరు. మీరు అదడగండి." నిజమే. ఏఎంటీలో క్లచ్ పళ్ళెం మామూలు కారులో లాగే అరుగుతుంది, మార్చాల్సిందే. దానిపైన ఆ గుమాస్తా యంత్రం, సెన్సర్లు అదనం. వాటిని పరీక్షించే పరికరం, అలవాటున్న మనిషి దగ్గర్లో లేకపోతే చిన్న మరమ్మతుకే రోజులు పడతాయి. అందుకని ప్రతి షోరూములోనూ మొదటి ప్రశ్నగా క్లచ్ ఖరీదు, యంత్రం ఖరీదు, ఎక్కడ విప్పుతారు అన్నవి అడిగి కాగితం మీద రాయించుకున్నాను. నోటితో చెప్పినవాళ్ళు రాయమంటే వెనకాడారు. అదీ ఒక పరీక్షే.

పాత ఆటోమేటిక్ కారు తక్కువలో వస్తుందని ఒక మిత్రుడు ఆశ పెట్టాడు. మెకానిక్ దాన్ని నడిపి చూసి, గేరు మారేటప్పుడు తగిలే దెబ్బను బట్టే వద్దన్నాడు. పాతది కొనేవాళ్ళు సర్వీసు పుస్తకం అడగండి. ఎత్తు మీద ఆపి కదిలించి చూడండి. కుదుపు, వాసన, దీపం ఏది కనబడినా వదిలేయండి.

ఒక చోట టెస్ట్ డ్రైవ్‌కు మామూలు గేర్ల బండే ఉంది. "రెండూ ఒకటే సార్, క్లచ్ ఒక్కటే తేడా" అన్నాడు అమ్మేవాడు. ఆ ఒక్క తేడా కోసమే కదా మేము వచ్చింది! లేచి వచ్చేశాం. మరో చోట ఆటోమేటిక్ బండి వచ్చేదాకా పది రోజులు ఆగాం. ఆ రోజు అమ్మను కూడా తీసుకెళ్ళాను. స్టీరింగు నేను ముట్టుకోలేదు. మా శ్రీమతి నడిపింది, అమ్మ పక్కన కూర్చుంది, నేను వెనక నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ నోరు మూసుకోవడమే అన్నిటికంటే కష్టమైన పని.

అమ్మ వల్ల నేను ఊహించని విషయం ఒకటి తెలిసింది. ఒక కారులో ఆమె కూర్చోవడానికి బావిలోకి దిగినట్టు దిగాలి. ఎత్తు బండిలో అరుగు ఎక్కినట్టు ఎక్కాలి. మూడో దాంట్లో మాత్రం కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకోకుండానే లేచింది. వ్యాగన్ ఆర్ లాంటి నిటారు కార్లను చూసి నవ్వేవాళ్ళున్నారు గానీ, పెద్దవాళ్ళున్న ఇంటికి ఆ ఎత్తు ఒక వరం.

భద్రత సంగతి కూడా అడగాలి. 2023 అక్టోబరు నుంచి మన దేశానికే సొంతంగా భారత్ ఎన్‌క్యాప్ అనే ఢీకొట్టుడు పరీక్ష ఉంది. గ్లోబల్ ఎన్‌క్యాప్ వారి పరీక్షల్లో పెద్దల రక్షణకు 2021లో టాటా పంచ్, 2024లో మారుతి డిజైర్ ఐదు నక్షత్రాలు తెచ్చుకున్నాయి. 2025లో ఆల్టో కె10 వంటి చవక కార్లకు కూడా ఆరు ఎయిర్‌బ్యాగులు వచ్చాయి. మీరు కొనే మోడల్‌కు ఏ సంవత్సరం ఎన్ని నక్షత్రాలు వచ్చాయో చూసుకోండి. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు బెల్టు పెట్టుకోకపోతే ఆ నక్షత్రాలు ఆకాశంలో ఉన్నట్టే.

2025 విజయదశమికి ఒక చిన్న పెట్రోలు ఏఎంటీ కారు మా వాకిట్లోకి వచ్చింది. పేరు చెప్పను, ఇది ప్రకటన కాదు. మీ రోడ్డు, మీ మెకానిక్, మీ ఇంట్లో పెద్దవాళ్ళు వేరు. మీ జవాబూ వేరుగానే ఉండవచ్చు.

నేర్చుకోవడంలో కష్టసుఖాలు

ఆటోమేటిక్ అంటే దానంతటదే నడిచే కారు అనుకోవద్దు. మొదటి వారం నేనే తడబడ్డాను. ఇన్నేళ్ళ అలవాటున్న ఎడమ కాలు లేని క్లచ్ కోసం వెతికి, ఒకసారి బ్రేకు తొక్కేసింది. కారు నిలువునా ఆగింది. ఎడమ కాలిని వెనక్కి మడిచి పెట్టుకోవాలి. రెండు పెడల్సూ కుడికాలితోనే నొక్కాలి.

మా శ్రీమతి ఒకసారి బ్రేకు అనుకుని ఆక్సిలరేటరు నొక్కింది. గేటు స్తంభానికి బంపరు రాసుకుంది, అంతటితో పోయింది. మూడో పెడల్ లేనప్పుడు వచ్చే అసలు ప్రమాదం ఇదే. మడమ బ్రేకుకు ఎదురుగా నేల మీద ఆనించి, ముందరి పాదం మాత్రమే ఆక్సిలరేటరు వైపు తిప్పడం అలవాటు చేసుకుంది. ఒక నెల పాటు ఆదివారం పొద్దున్నే, జనం లేని వేళ, ముందుకంటే వెనక్కి నడపడమే ఎక్కువ సాధన చేయించాను. కసురుకోలేదు. కసురుకుంటే దిగిపోతానని ముందే షరతు పెట్టింది.

ఏఎంటీ నడిపేవాళ్ళకు మరికొన్ని మాటలు. ఎత్తు మీద ఆగినప్పుడు ఆక్సిలరేటరుతో కారును నిలబెట్టవద్దు, క్లచ్ కాలిపోతుంది. బ్రేకు వాడండి. లారీని దాటేటప్పుడు బండి తటపటాయిస్తుందని గుర్తుంచుకోండి. చేతి గేరు పద్ధతి ఉంటుంది కనుక ముందే గేరు తగ్గించుకోండి, లేదా ఆగండి. చాలా ఏఎంటీ కార్లలో 'పి' అనే పార్కింగు గేరు ఉండదు. దిగే ముందు హ్యాండ్ బ్రేకు తప్పనిసరి. బ్యాటరీ పడిపోతే తోసి స్టార్టు చేయవచ్చనుకోవద్దు. బ్యాటరీ వయసు మీద కన్నేసి ఉంచండి.

ఒక్క ప్రశ్న

నవంబరులో అమ్మను నెలవారీ పరీక్షకు తీసుకెళ్ళాల్సిన రోజున మా శాఖలో ఆడిట్ వచ్చింది. సెలవు దొరకలేదు. "మేమిద్దరం వెళ్తాం లెండి" అంది మా శ్రీమతి. ఆ పొద్దున నేను ఎన్ని లెడ్జర్లు చూశానో, వాటిలో ఏం చూశానో నాకు తెలియదు. పదకొండున్నరకు ఫోను మోగింది. ఆస్పత్రి నుంచి అమ్మ. "పరీక్ష అయిపోయిందిరా, అంతా బాగుందన్నారు. అమ్మాయి నీకంటే నెమ్మదిగా తోలింది. ఒక్క గుంటలో కూడా పడెయ్యలేదు" అంది. ఆడిటరుగారు నా మొహం చూసి ఏం జరిగిందని అడిగారు. ఏమీ లేదండీ, మా అమ్మ ఫోను అన్నాను.

రాయచూరులో ఇల్లు వెతకడం అప్పటితో ఆపేశాం. అమ్మ ఆయాసం పోలేదు. ఆ వయసులో పోతుందనీ అనుకోవడం లేదు. కానీ ఇప్పుడు ఏ రాత్రయినా ఇంట్లో ఇద్దరు లేవగలరు, ఇద్దరిలో ఎవరైనా తాళాలు తీసుకోగలరు.

మా బ్యాంకు కారు అప్పు దరఖాస్తులో ఇప్పటికీ ఆ గడి లేదు. ఉండదు కూడా, దానితో బ్యాంకుకు పని లేదు. అయినా ఎవరైనా దరఖాస్తు పట్టుకుని నా ముందు కూర్చుంటే సంతకం పెట్టే ముందు అడుగుతున్నాను, "మీ ఇంట్లో కారు నడిపేవాళ్ళు ఎంతమంది?" అని. చాలామంది నవ్వి, "నేనొక్కణ్ణే సార్" అంటారు. కొందరు ఒక క్షణం ఆగి, రేపు మా ఆవిణ్ణి కూడా తీసుకొచ్చి బండి చూపిస్తానండీ అంటారు. వాళ్ళ కాగితాలు నేను కాస్త తొందరగా కదుపుతాను. అందులో నిబంధనలకు విరుద్ధం ఏమీ లేదనుకుంటాను.